నట్టు మీద ఎర్రగీత

కోరుట్లలో మంచు కురవదు. చలికాలం పొద్దున పొలాల మీద ఇంత పొగమంచు పరుచుకుంటే అదే మాకు గొప్ప. కానీ ఎక్కడో కొండల మీద కురిసే మంచు గురించి ఒక ముసలాయన చెప్పిన నాలుగు మాటలు నేను కడుపులో దాచుకున్నాను. అదను చూసి వాటిని ఒక మనిషి మీదికి వదిలాను. ఇప్పుడు రాస్తున్నానంటే మనసు కరిగి కాదు. తన పని ఎవరు పట్టారో ఆ మనిషికి ఇంతవరకు తెలియదు. తెలియాలనే రాస్తున్నాను.

నేను టీవీ డిష్షులు బిగించే మనిషిని. మా బాపు సిరిసిల్ల దగ్గర తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. ఆయన మోకు నడుముకు చుట్టుకొని ఈతచెట్టు సగం దాకా ఎక్కి, అమ్మ చేత తన్నులు తిన్న పిల్లను నేను. పెళ్ళయి కోరుట్లకు వచ్చేసరికి మా ఆయన డిష్షులు బిగించే పనిలో ఉన్నాడు. తర్వాత దుబాయి పోయాడు. పోతూ పోతూ పనిసంచి గోడకు తగిలించి పోయాడు. రోజూ దాన్ని చూస్తూ చూస్తూ ఒకనాడు కిందికి దించాను. రెండు పానాలు, వైరు కోసే కత్తెర, సిగ్నల్ చూపించే చిన్న మీటరు. ఆయన అక్కడి నుంచి వీడియో కాల్‌లో చెప్తుంటే ఇక్కడ మా ఇంటి డిష్షునే నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాను. ఐదోసారి ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది.

మా ఆయన పనిచేసిన దుకాణానికే వెళ్ళి పని అడిగాను. కింద దుకాణం, పైన ఇల్లు. దాని యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, “మాటలు గాదు చెల్లె. మా ఇంటి మీద ఒక కొత్త డిష్షు పెట్టాలె. బిగించి సూపెట్టు,” అన్నాడు. బిగించి చూపెట్టాను. నా బతుకులో పరాయి స్లాబు మీద బిగించిన మొదటి డిష్షు అదే. సేటు వాళ్ళమ్మ నాకు మంచినీళ్ళిచ్చి, నా చేతులు పట్టుకొని చూసింది.

నాకొక అలవాటుంది. డిష్షును తూర్పుకూ దక్షిణానికీ నడుమ సరిగ్గా కుదిర్చి, మీటరు నిండినాక నట్టు బిగిస్తాను. బిగించాక ఆ నట్టు మీది నుంచి పైపు మీదికి గోళ్ళరంగుతో సన్నగా ఒక ఎర్రగీత గీస్తాను. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగుతుంది. గీత తెగలేదంటే నా పని పదిలంగా ఉన్నట్టు. ఇది ఎవరూ నేర్పలేదు. బాపు తన చెట్లకు కత్తితో గుర్తు పెట్టుకునేవాడు, అది చూసి పుట్టిన బుద్ధి. సేటు ఇంటి మీది డిష్షుకు కూడా ఆనాడు గీశాను. “గిదేంది, నట్టుకు బొట్టు పెట్టినవా,” అని ఆయన నవ్వాడు.

నాలుగేండ్లు ఆ దుకాణంలో పనిచేశాను. రాను రాను ఫోన్ చేసేవాళ్ళు “ఆ అక్కనే పంపుండ్రి” అనసాగారు. సేటుకు అది గొంతులో ముల్లయింది. నాకు పని చెప్పడం తగ్గించాడు, నా పనికి వంకలు పెట్టడం పెంచాడు. రోజూ సణుగుడు వినలేక బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాను. ఆయన గిరాకీలో మంచి భాగం నా వెంట నడిచొచ్చింది. నేను ఒక్కరినీ పిలవలేదు. పిలిచినా తప్పు లేదనుకోండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాన గట్టిగా పడితే ఎవరి డిష్షయినా ఆగుతుంది. అంత దూరం నుంచి వచ్చిన సిగ్నల్ చివరికి మన నెత్తి మీది వాననీటిలో పడి నీరసిస్తుంది. వాన వెలిస్తే దానంతట అదే వస్తుంది. బిగించినవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. ఇది సేటుకు నాకంటే బాగా తెలుసు.

ఆ యేడు ఎండాకాలం జగిత్యాలలో రాళ్లవాన పడింది. నేను బిగించిన ఒక పెద్దింట్లో టీవీ ఆగింది. ఆ ఇంటామె నాకూ ఫోన్ చేసింది, తొందరకొద్దీ సేటుకూ చేసింది. నేను బస్సు దిగి చేరేసరికి సేటు కారు ఆ వాకిట్లో ఉంది. వాన ఇంకా గట్టిగానే పడుతోంది. ఆయన స్లాబు మీదికెక్కి, ఇరుగుపొరుగు నలుగురు చూస్తుండగా నా ఎర్రగీతను బొటనవేలి గోటితో గీకేశాడు. తర్వాత పానా పెట్టి ఊరికే అటూ ఇటూ ఊపి, “అగో, లూజున్నది,” అన్నాడు.

“లూజు లేదు సేటు. గీత తెగలే. నువ్వే గీకినవు,” అన్నాను.

“ఆడమనిషి చెయ్యమ్మా, గింతకన్న బిగియ్యది,” అన్నాడు, నాతో కాదు, ఆ ఇంటామెతో. “లేకుంటె మల్ల మల్ల పిలుస్తరని ఎరికుండే వదులు పెట్టిందో. గా సంగతి ఆమెకే తెల్వాలె.”

ఆయన ఆ మాట అంటుండగానే వాన వెలిసింది. కింద టీవీ దానంతట అదే వచ్చింది. “అచ్చింది, అచ్చింది,” అని కింది నుంచి ఎవరో కేక వేశారు. సేటు పానా సంచిలో వేసుకొని మెల్లగా మెట్లు దిగాడు. ఆ ఇంటామె నా వైపు చూసి, “నువ్వు మల్ల రాకు చెల్లె,” అంది. చెడ్డగా అనలేదు, మెత్తగానే అంది. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది. బస్టాండు దాకా నడుస్తూ ఆ మాటకు నేను చెప్పాల్సిన జవాబులు వందసార్లు చెప్పుకున్నాను.

ఊరి నోట్లో నువ్వుగింజ నానదు. నెల తిరక్కుండా కోరుట్లలో, రాయికల్‌లో, జగిత్యాలలో ఒకటే మాట: ఆమె బిగిస్తే వానకు ఆగుతుంది, కావాలనే వదులుగా పెడుతుంది. చేతకానిది అంటే పడతాను, నేర్చుకుంటాను. మోసకారి అంటే ఎట్లా పడేది? నెలంతా మోగే ఫోన్ వారానికొకసారి మోగసాగింది. మా ఆయన దుబాయి నుంచి, “పోనీ, బీడీలు చేసుకోరాదు,” అన్నాడు. బీడీలు తక్కువ పనని నేననను. మా అత్త చేసింది, పెళ్ళయిన కొత్తలో నేనూ చేశాను. కానీ స్లాబుల మీద నిలబడి ఊరంతా చూసినదాన్ని మళ్ళీ తీసుకొచ్చి చాట ముందు కూర్చోబెట్టాలని ఒకడు అనుకుంటే, ఆ ఒకడి సంగతి తేలేదాకా నాకు అన్నం సయించలేదు. పాము పగంటారు. పాముకు మరుపుంటుందేమో, నాకు లేదు.

ఆ చలికాలం కోనరావుపేట దిక్కు నుంచి ఒక ముసలాయన ఫోన్ చేశాడు. మిలిటరీలో చేసి వచ్చినాయన. నా మీది మాటలు ఆయన చెవినా పడ్డాయి. “లూజో టైటో నాకు తెల్వదా? ఫౌజుల వైర్లు గుంజినోన్ని. నువ్వు రా బిడ్డ,” అన్నాడు. వెళ్ళాను. పని చేస్తున్నంతసేపూ నిచ్చెన పట్టుకొని నిలబడి, మంచుకొండల మీద తమ బ్యారక్కు డిష్షు ముచ్చట చెప్పాడు.

“మంచు పడితే టీవీ ఆగుతదా తాతా?” అని అడిగాను.

“అన్ని మంచులు ఒక్కటి గాదు బిడ్డ. బాగ సలిల పడే మంచు పొడిపొడిగ పిండి లెక్కుంటది. గది డిష్షుల జానెడు పడ్డా బొమ్మ నడుస్తనే ఉంటది. సలి జర తగ్గినంక పడే తడి మంచు ఉంటది సూడు, గది అంటుకుంటది. రెండువేళ్ళ మందం పడ్డదంటే ఖతం. అడ్డం పడేది మంచు గాదు, అండ్ల ఉన్న నీళ్ళు.”

“మరి మంచు పడుడు ఆగినంక అస్తదా?”

“ఎట్లస్తది? వాన లెక్క గాదు గద. ఆకాశం సాఫైనా డిష్షుల ఉన్నది డిష్షులనే ఉంటది. కరిగి కారిపోయేదాక చీకటే. చీపురు పట్టుకొని నేనే దులిపేది. జారిపోవాలని వంటనూనె గుడ రాసేటోళ్ళం.”

ఇంటికొచ్చి మా డిష్షు మీద ఒక పొడి తువ్వాల కప్పి మీటరు చూశాను. ముల్లు కదల్లేదు. దాన్నే బకెట్లో ముంచి, పిండకుండా కప్పాను. ముల్లు కింద పడింది. అప్పటికి నా మనసులో పథకమేమీ లేదు. ముసలాయన మాట నిజమేనని మాత్రం తెలుసుకున్నాను.

ఎండలు మొదలవుతుండగా సిరిసిల్లలో అమ్మను చూడటానికి పోయాను. అమ్మ ఇంటి పక్కన ఒక ముస్లిం అక్క ఉంటుంది, ఆపా అని పిలుస్తాం, బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు నా గౌన్లు కుట్టింది ఆమే. ఆ రోజు ఆమె మిషన్ మీద రెండు గుడ్డముక్కలున్నాయి. ఒకటి నీళ్ళు జారిపోయే పలచని పాలిస్టరు, రెండోది దుప్పట్లకు వాడే దళసరి నూలు గుడ్డ.

“మీ కోరుట్ల సేటు అచ్చి పోయిండు. డిష్షులకు టోపీలు కుట్టాల్నట, రాళ్లవానకు సొట్టలు పడకుంట. రెండిట్ల ఏది మంచిదో సూసి చెప్పుమన్నడు,” అంది. తర్వాత నా మొహం చూసి, “నీ పనే గద ఇది. నువ్వే చెప్పు, ఏది పెట్టాలె?” అని అడిగింది.

ఆపా మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి నా జవాబు కోసం ఆగింది. నేను రెండు ముక్కలూ చేతిలోకి తీసుకున్నాను. జగిత్యాల స్లాబు మీద ఆయన బొటనవేలి గోరు కళ్ళ ముందుకొచ్చింది.

“దళసరిది పెట్టు ఆపా,” అన్నాను. “పలచది రాయికి చిరుగుతది. గిది ఎంత రాయి పడ్డా ఆపుతది.”

అబద్ధం చెప్పలేదు. నూలు గుడ్డ రాయిని నిజంగానే ఆపుతుంది. తడిస్తే ఏమవుతుందో ఆపా అడగలేదు, నేను చెప్పలేదు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళని కొందరిని అంటుంటారు కదా, వాళ్ళ జాబితాలో నా పేరు నేనే రాసుకున్నాను. మంచి ఆకలి మీద ఉన్నానేమో, ఆ పూట అమ్మ చేతి పప్పుచారు రెండుసార్లు పోసుకున్నాను.

సేటు తెలివితక్కువవాడేం కాదు. మొదటి టోపీ రాగానే దుకాణం ముందు డిష్షుకు తొడిగి, టీవీ పెట్టి చూశాడట. ఫాల్గుణ మాసపు ఎండ. గుడ్డ పొడిగా ఫెళఫెళలాడుతోంది. బొమ్మ అద్దంలా ఉంది. నీళ్ళు చల్లి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఇక నిలబడి అమ్మాడు. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా నీలం చారల టోపీలు లేచాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చొని లెక్కపెట్టుకుంటూ పోయేదాన్ని.

టోపీ ముడి మీద ఇంకొకటి కూడా కట్టించాడు. నిమ్మకాయ, ఏడు మిరపకాయలు, నల్లదారం. దుకాణాలకు, లారీలకు దిష్టి తగలకుండా కట్టుకుంటాం కదా, అదే. దాన్ని అమావాస్య నాడు మారుస్తాం. సేటు దానికి తన తోక ఒకటి తగిలించాడు. “నడుమ విప్పొద్దు. విప్పాల్సొస్తే కట్టిన చెయ్యే విప్పాలె, లేకుంటె ఇంటికి మంచిది గాదు,” అని ప్రతి ఇంట్లో చెప్పించాడు. టోపీ విప్పి లోపలి కుట్టు చూడకుండా, ఇంకొకరిని పిలవకుండా ఆ ఎత్తు. పని బాగానే చేసింది. స్లాబు మీది గుడ్డ కట్టు ఇంట్లోవాళ్ళకు దేవుడి ముడుపంత అయింది.

నా గిరాకీ మిగిలిందే పది పదిహేను ఇళ్ళు. వాళ్ళకు మాత్రం వద్దని చెప్పాను. కానీ రాయికల్ సంతలో బీడీలు చేసే ఒకామె ఎదురైంది. ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు పొద్దంతా టీవీ వింటూ ఆకు చుడతారు. సేటు మనుషులు టోపీ తెచ్చారని చెప్పి, “ఏసుకోవాల్నా వద్దా?” అని నన్నే అడిగింది. నన్ను కొట్టినామె కాదు, తిట్టినామె కాదు. “ఏసుకోరాదక్కా, మంచిదే,” అన్నాను. ఇందులో సమర్థించుకోవడానికి నాకేమీ దొరకలేదు.

చైత్రం దాటి వరికోతలు నడుస్తున్నప్పుడు, ఒక మధ్యాహ్నం మబ్బు నల్లగా దిగింది. గాలి లేచింది. తర్వాత రాళ్లు. రేకుల మీద పడుతుంటే ఇంట్లో మాట వినపడలేదు. వాకిలంతా తెల్లబడింది. ముసలాయన చెప్పిన మంచు ఇట్లాగే ఉంటుందేమో అనుకుంటూ గడపలో నిలబడ్డాను. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు కొట్టుకుపోతుంటే రైతులు టార్పాలిన్ పట్టాలు పట్టుకొని ఉరుకుతున్నారు. వాళ్ళను చూస్తూ కూడా నా లోపల ఒక మూల సంబరంగా ఉంది. ఆ సంబరానికి సిగ్గుపడుతున్నాను, అప్పుడూ పడ్డాను. కానీ అది పోలేదు.

వాన అరగంటలో వెలిసింది. ఎండ కూడా వచ్చింది. మా ఇంట్లో టీవీ వచ్చింది, నా పదిహేను ఇళ్ళలో వచ్చింది. నీలం టోపీల కింద మాత్రం రాలేదు. మన దిక్కు డిష్షు ముఖం బాగా పైకి చూస్తుంది. నీళ్ళు తాగిన గుడ్డ మధ్యలో జోలెలా కుంగి, అందులో రాళ్లు గంపెడు పోగయ్యాయి. అవి మెల్లగా కరుగుతూ గుడ్డను తడుపుతూనే ఉన్నాయి. సరిగ్గా తడి మంచే. జనం స్లాబులెక్కారు, చూశారు, దిగారు. గుడ్డ విప్పితే అయిపోయేది. విప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. అమావాస్య ఇంకా ఆరు రోజులుంది.

సాయంత్రం చిన్నగా మళ్ళీ తడిపింది. మరునాడు పొద్దున సేటు ఫోన్ ఎత్తడం మానేశాడని విన్నాను. ఆయన మనుషులు ఇద్దరే. ఇద్దరు మూడు ఊళ్ళు ఎక్కడ తిరుగుతారు? టోపీలు విప్పమని నాకూ ఫోన్లు మొదలయ్యాయి. “విప్పుడు కట్టినోళ్ళ పనట గదా. సేటునే అడుగుండ్రి,” అని అందరికీ ఒకటే జవాబు చెప్పాను.

మిలిటరీ తాత కూడా చేశాడు. ఆయన బిడ్డ రాయికల్‌లో ఉంటుంది. ఆమె ఇంటి మీద టోపీని పొద్దున్నే తన చేత్తో పీకి పారేశాడట.

“తడి మంచు సంగతి నీకు చెప్పింది నేనే గద, బిడ్డ,” అన్నాడు.

“అవు తాతా.”

“అండ్ల నీ చెయ్యేమన్న ఉన్నదా?”

ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు. “ఉన్నది,” అన్నాను. “సరే,” అని పెట్టేశాడు. తర్వాత కూడా ఆయన నాతో బాగానే ఉన్నాడు, కానీ ఆ ‘సరే’ నాకు ఇప్పటికీ అరగలేదు.

పది గంటలకు సేటు మా వాకిట్లోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలిగి ఉంది. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

“చెల్లె, నువ్వొక చెయ్యేయాలె. మా పనోళ్ళిద్దరితోని గాదు. నువ్వు విప్పినా మంచిదే అని జనానికి నేను చెప్త.”

“జనానికి ఇంకోటి గుడ చెప్పాలె సేటు. జగిత్యాలల నట్టు లూజు లేకుండె, నేనే గీత గీకిన అని చెప్పాలె. నాకు గాదు, బజార్ల చెప్పాలె.”

“గప్పుడు లైటు సరిగ్గ లేకుండె చెల్లె. వాన పడుతుండె. నాకు లూజున్నట్టే కొట్టింది.”

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసమన్నాడట ఒకడు. తాళ్ళెక్కే ఇంట్లో పుట్టినదాన్ని, అటువంటివాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కుర్చీ తీసి లోపల పెట్టాను. ఆయన మింగలేక కక్కలేక, “సరే, దుకాణం కాడికి రా, ఇండ్ల పేర్లన్ని రాసుకుందం,” అన్నాడు. వెళ్ళాను. ఒప్పుకోవడానికి కాదు, ఆ దుకాణం ముందు గుమికూడిన జనం ముఖాలు చూడటానికి.

ముప్పైమంది దాకా ఉన్నారు. చివరికి తెగించి విప్పుకొచ్చి, చేతుల్లో తడి టోపీలు పట్టుకొని తిట్టేవాళ్ళు కొందరు, విప్పే ధైర్యం లేక వచ్చినవాళ్ళు ఎక్కువ. నా జగిత్యాల పెద్దింటామె కూడా ఉంది, భర్తతో కారులో వచ్చింది. రాయికల్ బీడీల ఆమె ఒక పక్కన నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. సేటు నోట్‌బుక్కు తీసి పేర్లడుగుతున్నాడు. అప్పుడు వినిపించింది. పైన ఆయన ఇంట్లో టీవీ మోగుతోంది. భజన. తాళాలతో సహా స్పష్టంగా.

“ఊరందరి టీవీలు బందైతే సేటు ఇంట్ల ఎట్ల నడుస్తంది?” అన్నారెవరో. సేటు నోట్‌బుక్కు మూశాడు. ఆయన అడ్డం పడేలోపే జనం పక్క మెట్ల మీదుగా పైకి తోసుకుపోయారు. వాళ్ళతో నేనూ పోయాను.

స్లాబు మీద డిష్షుకు టోపీ లేదు. ఎండకు తెల్లబడి, అంచున కొంచెం తుప్పు పట్టి, రాళ్లకు రెండు చిన్న సొట్టలు పడి నిలబడి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఎప్పుడో మార్చేసి ఉంటాడనుకున్నాను. దగ్గరికి పోయి వంగాను. నట్టు మీది నుంచి పైపు మీదికి నా ఎర్రగీత. వెలిసిపోయింది, కానీ ఎక్కడా తెగలేదు.

సందడి విని సేటు వాళ్ళమ్మ స్లాబు మీదికి వచ్చింది. నన్ను చూసి బోసినోటితో నవ్వింది. “అయ్యో, నువ్వా బిడ్డ, ఎన్నొద్దులకు అచ్చినవు,” అంది.

“అవ్వా, గీ డిష్షుకు టోపీ ఎందుకు పెట్టలే?” అని జగిత్యాల ఆమె అడిగింది.

“మావోడే వద్దన్నడు బిడ్డ,” అంది అవ్వ, దాచాల్సిన మాట అని తెలియని మనిషి కాబట్టి గట్టిగానే. “దీన్ని ఎవ్వలు ముట్టుకోవద్దు, ఆ పిల్ల బిగించింది, ఇన్నేండ్ల నుంచి ఏ వానకు కదల్లే, గుడ్డెందుకు గిడ్డెందుకు అన్నడు. వాని పనోళ్ళను గుడ ముట్టనియ్యడు.”

కింద గదిలో భజన నడుస్తూనే ఉంది. సేటు మెట్ల దగ్గర, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఉన్నాడు. ఏడాదిగా నేను బజార్లో చెప్పించాలనుకున్నది ఆయన తల్లి చెప్పేసింది. జగిత్యాల ఆమె నా వైపు తిరిగింది. ఆమె ముందు కూడా నాకు మెత్తబడాలనిపించలేదు.

సంచిలోంచి పానా తీశాను. సేటు ఒక అడుగు ముందుకు వేశాడు. నట్టు విప్పుతాననుకున్నాడు. విప్పాలనే తీశాను కూడా. నా చేతి పని నా చేత్తోనే దించుకొని పోతే ఆ ఇంట్లో రేపటి నుంచి భజన ఉండదు, ఆయనకు అది చాలు అనుకున్నాను. నట్టుకు పానా తొడిగాక వేరే బుద్ధి పుట్టింది. విప్పితే ఒక రోజులో మరిచిపోతాడు. ఇంకొకటి కొని పెట్టుకుంటాడు.

ఇంకో పావు చుట్టు బిగించాను. పాత గీతను కొంగుతో తుడిచి, గోళ్ళరంగు సీసా తీసి, నట్టు మీది నుంచి పైపు దాకా కొత్తగా, ఈసారి లావుగా గీశాను. ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. జనం ఒక్కొక్కరే దిగిపోయారు. పోతూ పోతూ బీడీల ఆమె, “మా ఇంటికి ఎప్పుడస్తవు?” అని అడిగింది. “ఇప్పుడే నడువు అక్కా, ముందుగాల నీదే,” అన్నాను.

సేటు ఇంకా ట్యాంకు పక్కనే ఉన్నాడు. నేను దగ్గరికి పోయి, ఆయనకొక్కనికే వినపడేటట్టు చెప్పాను. “సేటు, దాన్ని ముట్టుకోకు. ఎంత వాన పడ్డా వెలవంగనే మీ అవ్వ టీవీ నడవాలె. నడిచినప్పుడల్లా నేను యాదికి రావాలె.”